మందును విషమన్న సేటు

సేటు పోయి నెల దాటింది. నిన్న డ్యూటీకి వస్తుంటే మార్కెట్ యార్డు ముందు ఆటో ఆగింది. ఆయన దుకాణం వైపు చూశాను. కొత్త బోర్డు పెట్టారు. ఎర్రటి పెద్ద అక్షరాలు, పక్కన పిచికారీ పంపు భుజానికి తగిలించుకుని నవ్వుతున్న రైతు బొమ్మ. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ బోర్డు మీద బొమ్మ ఉండేది కాదు. కంపెనీవాళ్లు ఒకసారి ఇలాంటిదే తెస్తే, "నవ్వుకుంట విషం కొట్టేటోన్ని నేనెన్నడు చూడలే, వాపస్ తీస్కపోండ్రి" అని పంపించేశాడని చెప్పుకునేవారు.

నేను ఈ సిద్దిపేట దవాఖానలో అత్యవసర విభాగం నర్సుని. పదమూడేళ్లుగా అదే గది, అవే మంచాలు. ఎమర్జెన్సీ అంటే బయటివాళ్లు రోడ్డు ప్రమాదాలూ గుండెపోట్లూ అనుకుంటారు. అవీ వస్తాయి. కానీ మా గదికి రాకుండా ఉండనిది పురుగుల మందు తాగిన కేసు. విత్తనాలు పెట్టే రోజుల్లో వస్తుంది, పత్తి ఏరే రోజుల్లో వస్తుంది, పరీక్షల ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం వస్తుంది, పండగ మర్నాడు వస్తుంది. మొగుడు చెయ్యి చేసుకున్నాడని ఒకామె, ఫోను లాక్కున్నారని ఒక పిల్ల, కడుపునొప్పి ఓర్చుకోలేక ఒక ముసలాయన, వాన రాలేదని ఒకరు, వాన ఆగలేదని ఒకరు. తాగాలని తాగనివాళ్లూ ఉంటారు. ఎదురుగాలిలో పొద్దంతా పిచికారీ చేసి చేనులోనే కూలిపోయినవాడు, కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టినదాన్ని దాహానికి ఎత్తుకున్న అవ్వ. డ్యూటీ దిగి ఇంటికెళ్లి తలస్నానం చేసినా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి చేతులు ఆ వాసనే వేసేవి. ఒక్క వారమైనా అలాంటి కేసు లేకుండా గడిచిన గుర్తు నాకు లేదు.

తాగింది ఏమిటో తెలిస్తే వైద్యం సగం దారిలో పడినట్టు. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు, కొన్నిటికి అసలు లేదు. కానీ తెచ్చినవాళ్లను అడిగితే "పత్తి మందు" అంటారు. "తెల్ల డబ్బా" అంటారు. డబ్బా ఏదంటే భయంతో బావిలో పారేశామంటారు. ఆ తర్వాత ఏడుపే.

అట్లాంటి ఒక పొద్దున మిరుదొడ్డి దిక్కు నుంచి ఒక పెద్దాయనను తెచ్చారు. మాట లేదు, కళ్లపాపలు చుక్కల్లా కుంచించుకుపోయి ఉన్నాయి. ఏం తాగాడో కొడుకులకు తెలియదు. అప్పుడు సన్నగా పొడుగ్గా ఉన్న ఒక మనిషి ఇస్త్రీ చొక్కాతో, చెమటలు కారుతూ లోపలికి వచ్చాడు. చేతిలో న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం. విప్పితే మూత తియ్యని కొత్త డబ్బా.

"గిదే తాగిండు. మొన్న మంగళారం నా దుకాణంల తీస్కపోయిండు. ఊరోళ్లు ఫోన్ జేసిన్రు. డాక్టర్ సాబ్‌కు లేబుల్ చూపియ్యుండ్రి."

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే పొద్దున్నుంచి అది మూడో కేసు.

"అమ్మేటోనివి నువ్వే, చూడ వచ్చేటోనివి నువ్వేనా? సిగ్గనిపిస్తలేదా?" అన్నాను, అందరి ముందే.

ఆయన నా మొహం చూడలేదు. డబ్బాను రెండు చేతులతో నాకు అందించాడు.

"నేనే బిడ్డా. ముందుగాల డాక్టర్‌కు చూపియ్యి. తిట్టుడు ఎన్క తిడుదువు."

పెద్దాయన ఆ రోజు సాయంత్రానికి కళ్లు తెరిచాడు. వార్డు బయట మెట్ల మీద చూస్తే ఈయన ఇంకా ఉన్నాడు. "తెరిచిండా?" అన్నాడు. తెరిచాడన్నాను. "ఇగ తిట్టు మరి" అన్నాడు. ఏం తిడతాను?

తర్వాత్తర్వాత ఆయన రాక మామూలైపోయింది. సిద్దిపేటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఎవరు తాగినా, అది తన దుకాణం సరుకైనా కాకపోయినా, ఆయనకు ఫోను వెళ్లేది. "ఎట్లుంటది డబ్బా? మూత ఏం రంగు? వాసన ఎట్లుంది?" అని నాలుగు ప్రశ్నలడిగి, ఆ రకం డబ్బా వెతికి, పేపరు చుట్టి పట్టుకొచ్చేవాడు. చెప్పులు వార్డు గడప దగ్గర కాదు, కింద మొదటి మెట్టు దగ్గరే విడిచేవాడు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. రోగి బంధువులు కూర్చునే చోట తను కూర్చోకూడదని ఆయన లెక్క. ఎవరికీ చెయ్యి ఇచ్చేవాడు కాదు. దుకాణంలో రోజుకు ఎన్నిసార్లు సబ్బుతో చేతులు కడిగేవాడో, వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉండేవి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం. లేబుల్ మీది అక్షరాలు చదివి మా డాక్టరుకు వినిపిస్తూ మధ్యలో విసుక్కునేవాడు.

"గివి మనుషులు చదవాలెనని రాసిన్రా, చీమలు చదవాలెనని రాసిన్రా? డబ్బా మీద బొమ్మ గింత పెద్దగేసిన్రు, పానం తీస్తదన్న ముచ్చట గింత చిన్నగ రాసిన్రు."

దుకాణంలో ఆయన నోట ఎప్పుడూ రాని మాట ఒకటుంది, మందు. మనకు జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రం మొగవాళ్లు తాగేదీ మందే. ఆయన మాత్రం చేనుకు కొట్టేదాన్ని విషమనే అనేవాడు. దుకాణానికి వచ్చిన రైతును, "ఎన్ని లీటర్ల విషం కావాలె?" అనే అడిగేవాడు. కొందరు నవ్వేవారు. కొందరికి రోషం వచ్చేది. "గదేం మాట సేటూ, పొద్దుపొద్దుగాల" అని లేచి పక్క దుకాణానికి పోయినవాళ్లూ ఉన్నారు. ఆయన లెక్క చేసేవాడు కాదు. "మందంటే మనసుకు మంచిగ అనిపిస్తది. మంచిగ అనిపియ్యద్దు" అనేవాడు.

ఎందుకిలా అయ్యాడో ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి తనే చెప్పాడు. ఏళ్ల కిందట, దుకాణం కొత్తగా పెట్టిన రోజుల్లో ఒక నడివయసు రైతు వచ్చాడట. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "గిది పని జేస్తదా సేటూ?" అని అడిగాడట.

"నేనేమన్ననో ఎరికేనా బిడ్డా? గ్యారంటీగ పని జేస్తదన్న. నా సరుకు మీద నాకు గంత నమ్మకముండె. నవ్వుకుంట అన్న. తెల్లారి గా ఊరోళ్లే వచ్చి చెప్పిన్రు." మళ్లీ తనే అన్నాడు. "గ్యారంటీ అన్న. గీ నోటితోనే అన్న."

అప్పటి నుంచి ఆయన దుకాణంలో డబ్బా కొనడం అంత తేలిక కాదు. వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి ఛాయ్ తెప్పించేవాడు. ఏం పంట, ఎన్ని ఎకరాలు, ఏం పురుగు, పంపు ఎవరిది, ఇంట్లో ఎట్లున్నరు, అన్నం తిన్నవా. ఒక్కదానికి జవాబు తడబడ్డా, "స్టాకు లేదు, ఎల్లుండి రా" అనేవాడు. వెనక అరలో డబ్బాలు కనబడుతూనే ఉండేవి. ఆడమనిషి ఒంటరిగా వచ్చి అడిగితే ఇచ్చేవాడే కాదు. ఆమె వెళ్లగానే ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోను చేసేవాడు. ఛాయ్ ఎందుకని అడిగాను ఒకసారి.

"కోపం పావుగంటే ఉంటది బిడ్డా. ఎక్వల ఎక్వ అర్ధగంట. గా పావుగంట దాటిచ్చినమంటే మనిషి మల్ల ఇంటికి పోతడు. ఛాయ్ తాగెటాలకు పది నిమిషాలైతది. ఇంకో అయిదు నిమిషాలు నేను ముచ్చట వెడత."

ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు. మా మంచాల మీదికి వచ్చినవాళ్లలో చావాలనే ఉన్నవాళ్లు చాలా తక్కువ. కాస్త తెలివి రాగానే నా చెయ్యి పట్టుకుని "బతుకుతనా సిస్టర్?" అని అడుగుతారు. ఇంట్లో పాలు పిండాలని గుర్తు చేసుకుంటారు. పిల్లను బడి నుంచి ఎవరు తెస్తారని కంగారు పడతారు. పావుగంట కోపం తెచ్చిన పనికి రోజుల తరబడి పోరాడతారు.

ఒకసారి నేనూ ఆయన దుకాణం మెట్లెక్కాను. మా ఇంటి ముందు గులాబీ చెట్లకు పేనుబంక పట్టింది. చిన్న సీసా ఏదైనా ఇమ్మన్నాను. ఆయన నన్నూ స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఛాయ్ వచ్చింది. ఎన్ని చెట్లు, ఎన్నాళ్లైంది, ఇంట్లో ఎట్లున్నరు. నేను నవ్వాను.

"నాకు గూడ పరీక్షనా సేటూ?"

"నీకైతే అస్సలియ్య" అన్నాడు. నవ్వలేదు. "నెల సంది చూస్తున్న, నీ మొకం మంచిగ లేదు. కండ్ల కింద నల్లగైంది. రోజు గవే చావులు చూసుకుంట నువ్వెట్లుంటున్నవో ఎవలన్న అడిగిన్రా నిన్ను?"

ఎవరూ అడగలేదు. ఆ నెలలో నా చేతుల్లోనే ముగ్గురు పోయారు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించక, వంటింట్లో దీపం వేయకుండా కూర్చుంటున్న రోజులవి. అది నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ఛాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే, ఎరువుల బస్తాల మధ్య, ఏడ్చేశాను. ఆయన ఫ్యాను నా వైపు తిప్పి, గిరాకీని బయటే ఆపి, నేను లేచేదాకా గడప దగ్గరే నిలబడ్డాడు. లేచాక, "చెట్లకు సబ్బునీళ్లు కొట్టు, పోతది. నాలుగు రోజులు సెలవు వెట్టు" అన్నాడు. పెట్టాను.

బీరువా సంగతి ఆ తర్వాతిది. కొట్టగా మిగిలిన విషం ఇళ్లలో మంచం కిందా దూలం మీదా ఉంటోంది, అదే అసలు ముప్పు అని ఆయనకు తట్టింది. దుకాణం వెనక గదిలో పాత ఇనుప బీరువా ఒకటి కడిగించి పెట్టాడు. "కొట్టేనాడు తీస్కపోండ్రి, మిగిలింది తెచ్చి గీడ వెట్టుండ్రి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. మొదట ఎవరూ పెట్టలేదు. సేటు కొడుకు కూడా దుకాణంలో కూర్చునేవాడు, ముప్పయ్యేళ్ల మనిషి. తలపట్టుకున్నాడు.

"బాపూ, నువ్వు దుకాణం నడిపిస్తున్నవా, ఠాణా నడిపిస్తున్నవా? పక్కోడు డబ్బా ఇచ్చి దండం వెడుతుండు. మనం అన్నం తిన్నవా అని అడుగుతున్నం."

 కానీ బీరువా నిండసాగింది. తెచ్చేది మొగవాళ్లు కాదు, ఆడవాళ్లు. ఆసుపత్రికనో బ్యాంకుకనో చెప్పి బస్సెక్కి వచ్చి, చీర కొంగులోంచి సగం వాడిన డబ్బా తీసి ఇచ్చేవారు. కొడుకుకు మార్కులు బాగా రాలేదు, కొన్నాళ్లుండనీ. మామకు మనసు బాగా లేదు, దాచిపెట్టు. ఆయన ప్రతి డబ్బాకూ తెల్ల పట్టీ అంటించి తెచ్చిన మనిషి పేరు, ఊరు రాసేవాడు. ఆ బీరువా నాకు ఒక్కసారి చూపించాడు. అరల నిండా పేర్లు. ఆయన మొహంలో గర్వం కనబడింది. నేను చూసిన ఒకే ఒక్క గర్వం అది.

స్వరూప అలా వచ్చినామే. మిరుదొడ్డి దగ్గర రెండెకరాల పత్తి. భర్త పేరు మల్లేశం. "మూడొద్దుల సంది బుక్కెడన్న తింటలేడు సేటూ. పిలిస్తే పలుకుతలేడు. గిది నీ దగ్గర వెట్టు. ఆయన అడిగినా ఇయ్యకు" అని చెప్పి డబ్బా ఇచ్చి వెళ్లింది. భర్తను దవాఖానలో చూపించమని ఆయన చెప్పాడు. చూపిస్తానంది.

పది రోజుల తర్వాత మల్లేశమే వచ్చాడు, పొద్దున పదకొండింటికి. గడ్డం గీసుకుని, ఉతికిన బట్టలతో. స్టూలు మీద కూర్చుని ఛాయ్ మొత్తం తాగాడు. జేబులోంచి పత్తి ఆకు తీసి తిప్పి చూపించాడు. కింద తెల్లదోమ నిజంగానే ఉంది. ప్రతి ప్రశ్నకూ తడబడకుండా జవాబిచ్చాడు. సేటు మోకాలినొప్పి ఎట్లుందని తనే అడిగాడు. "ఇంటామె ఎట్లుంది?" అంటే, "మంచిగుంది. ఆమెనే పంపింది, పోయి తెచ్చుకో అన్నది" అన్నాడు.

ఆయన స్వరూపకు రెండుసార్లు ఫోను చేశాడట. ఆమె వేరేవాళ్ల చేనులో కలుపు తీస్తోంది, ఫోను గట్టు మీద సంచిలో ఉంది. ఎత్తలేదు. మల్లేశం నవ్వుతూ నిలబడి ఉన్నాడు. డబ్బా అతనిది. పురుగు కళ్ల ముందు కనబడుతోంది. ఆయన బీరువా తెరిచి డబ్బా తీసి ఇచ్చాడు.

మధ్యాహ్నం రెండు దాటాక అంబులెన్సు వచ్చింది. చేను గట్టు మీదే పడి ఉంటే పక్క చేనువాళ్లు చూశారు. మేం పని మొదలుపెట్టిన కాసేపటికి సేటు వచ్చాడు. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. మొదటిసారి చెప్పులతోనే వార్డు గడప దాకా వచ్చాడు. చేతిలో పేపరు పొట్లం ఉంది. దాన్ని నాకిచ్చి గోడకు ఆనుకున్నాడు.

స్వరూప కలుపు తీసే బట్టల్లోనే వచ్చింది, గోళ్ల నిండా మట్టి. భర్తను చూసింది. విరుగుడు ఇంజెక్షన్లు ఎక్కువగా పడితే మనిషికి మతి తప్పుతుంది, గాలిలో లేనివి కనబడతాయి. మల్లేశం రెండు చేతులూ పైకెత్తి, వేళ్లతో గాల్లోంచి ఏదో తెంపి పక్కన వేస్తున్నాడు. తెంపడం, వేయడం. పత్తి ఏరుతున్నాడు. ఆమెకు మేం చెప్పనక్కరలేకపోయింది. చాలాసేపు ఆ చేతులే చూసి, వెనక్కి తిరిగి సేటును చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నీ దగ్గరున్నదని పది రోజులు మంచిగ నిద్రవోయిన సేటూ" అంది.

అంతే.    ఆయనకు కూర్చోమని బెంచీ చూపించాను. కూర్చోలేదు.

రెండో రోజు మల్లేశానికి తెలివొచ్చింది. చాలామందికి అలాగే వస్తుంది, ఇంటివాళ్లు ఆశపడతారు. నీళ్లడిగాడు. ఎప్పుడు పంపిస్తారని అడిగాడు. పత్తి పగిలింది, ఏరకపోతే వానకు నల్లబడుతుందన్నాడు. సేటు మంచం పక్కకు వచ్చి నిలబడితే చూసి, "నీదేం తప్పు లేదు సేటూ. ఆకు చూపెట్టి నిన్ను మోసం జేసిన" అన్నాడు. "బతికినంక వచ్చి నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఊపిరి అందలేదు. డాక్టరూ నేనూ చేయాల్సిందంతా చేశాం. స్వరూప గోడ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత ఆయన బీరువా ఖాళీ చేయాలనుకున్నాడు. ఆ డబ్బాలన్నీ ఎక్కడ పారబోయాలి? మోరీలో పోస్తే చెరువుకు పోతుంది, మట్టిలో పోస్తే బావిలోకి దిగుతుంది, కాలిస్తే గాలి. ఎక్కడ అడిగినా ఎవరూ తీసుకోలేదు. నన్నూ అడిగాడు. "మీ దవాఖానల పారేసే జాగ ఉంటది గదా బిడ్డా?" మా దగ్గరా లేదు. చివరికి వాళ్లబ్బాయి పట్టీల మీది పేర్లు చూసి ఎవరివి వాళ్లకు కబురు పెట్టి తిరిగి ఇచ్చేశాడు. ఆడవాళ్లు ఎవరి కళ్లనైతే తప్పించి తెచ్చారో ఆ మొగవాళ్లే వచ్చి తీసుకెళ్లారు. ఆయన వద్దనలేదు. అప్పటికే దుకాణంలో కూర్చోవడం మానేశాడు.

వార్డుకు రావడమూ మానేశాడు. ఎవరైనా ఫోను చేస్తే అబ్బాయి లేబుల్ ఫోటో పంపేవాడు. అదీ మేలే. కానీ అందులో మనిషి ఉండడు కదా.

రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ మా దవాఖానకే వచ్చాడు. షుగర్ వల్ల మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. సగానికి సగమయ్యాడు. నా డ్యూటీ అయ్యాక వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. మాటలు తక్కువ. ఒకరోజు తనే అన్నాడు.

"గిన్నేండ్లు నువ్వు నన్నొక ముచ్చట అడుగనే లేదు. గంత బాధుంటే అమ్ముడెందుకు బందు పెట్టలేవని."

"ఎందుకు పెట్టలే?" అన్నాను.

"నేను బందు పెడితే పక్కోడు అమ్ముతడు, నాలెక్క అడిగి అమ్మడు అనుకున్న." కళ్లు మూసుకుని నవ్వినట్టు మూతి కదిపాడు. "అందరు గట్లనే అనుకుంటరు కావచ్చు బిడ్డా. పక్కోడు గూడ గట్లనే అనుకుంటుండు కావచ్చు."

యంత్రం తిరుగుతోంది. గొట్టంలో ఆయన నెత్తురు పోతూ వస్తూ ఉంది. ఉన్నట్టుండి కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు.

"ఒక్కలన్న బతికిన్రా? నేను డబ్బా తెచ్చినందుకు."

"మస్తు మంది బతికిన్రు సేటూ. నువ్వు తేకపోతే..."

"పేరు చెప్పు."

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. బతికినవాళ్లు నిజంగానే ఎక్కువ. వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురిని మేం ఇంటికి పంపాం. కానీ ఇంటికి వెళ్లినవాళ్లు మంచం నంబర్లుగా వెళ్లిపోయారు. మూడో మంచం ఆమె, కిటికీ పక్క పిల్ల, ఎర్ర చొక్కా అతను. పేర్లు గుర్తున్నది పోయినవాళ్లవే. మల్లేశం. అంతకు ముందు పోచయ్య. లావణ్య. నర్సవ్వ. కాగితాల మీద మళ్లీ మళ్లీ రాసి, బయట నిలబడినవాళ్లకు చెప్పి, ఏడుపుల్లో పదేపదే విని, అవే మిగిలాయి. తలలో ఎంత వెతికినా అవే వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి.

ఆయన నా మొహమే చూస్తూ ఎదురుచూశాడు.  ఏదో ఒక పేరు చెప్పేయవచ్చు, నిజమో కాదో ఆయనకేం తెలుస్తుంది? కానీ అన్నేళ్లు మనుషుల మొహాలు చూసి అబద్ధం పట్టినవాడు. నా వల్ల కాలేదు.

"పోనీలే బిడ్డా" అని అటు తిరిగాడు.

మర్నాడు ఇంట్లో బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది. సుజాత. కుకునూరుపల్లి పిల్ల, ఇంటర్ చదువుతుండేది. సేటు డబ్బా తెచ్చిన అరగంటకే సరైన విరుగుడు మొదలైంది. అయిదో రోజు పంపించేటప్పుడు తన జుట్టు క్లిప్పు పోయిందని గొడవ చేసి, మా అందరితో మంచాల కింద వెతికించింది. దొరికాక పెట్టుకుని, అద్దం కావాలంది. అద్దం అడిగిన మనిషి ఇక బతుకుతుందని మేం నవ్వుకున్నాం. అవును, సుజాత.

కడిగిన చేతులు తుడుచుకోకుండానే ఆయన ఫోనుకు చేశాను. ఎత్తలేదు. అబ్బాయికి చేశాను. వెనక లారీ చప్పుడు, హమాలీల అరుపులు.

"బాపు పన్నడు మేడం. పొద్దుగాల సంది మత్తుల ఉన్నడు."

"లేచినంక ఒక్క మాట చెప్పు. సుజాత బతికింది అని చెప్పు. కుకునూరుపల్లి సుజాత. మర్చిపోకు."

"సరే మేడం, చెప్త" అని పెట్టేశాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన పోయాడని ఫోను వచ్చింది.

పదకొండో రోజు భోజనాలకు వెళ్లాను. అబ్బాయి అందరినీ పలకరిస్తూ తిరుగుతున్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తండ్రి మీద వాడికి ప్రేమ లేదని ఎన్నడూ అనుకోలేదు నేను. విస్తరి ముందు నుంచి లేచి, చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను.

"నేను చెప్పిన మాట బాపుకు చెప్పినవా?"

"ఏం మాట మేడం?" అని ఒక్క క్షణం ఆలోచించాడు. మొహం చిన్నబోయింది. "మర్చిపోయిన మేడం. గప్పుడు లోడు దింపిస్తున్న. పొద్దుగూకెటాలకు ఇంటికి పోయిన, కని బాపు మల్ల లేవనే లేదు. ఏం పేరన్నరు?"

"సుజాత."

"ఏమైంది మేడం ఆమెకు?"

"ఏం కాలేదు" అన్నాను.